దాచిన మాత్ర, దాగని కండరం



కదిరి ప్రాంతపు ఈ పీఠభూమిలో రాత్రనక పగలనక అత్యవసర వైద్యం చేసి కన్నుమూసిన వైద్యులు, నర్సులు, కాంపౌండర్లు అందరి స్మృతికీ ఈ ఉపన్యాసాన్ని ఏర్పాటు చేశారు. ఒక్క పేరుకు పరిమితం చేయకపోవడం నాకు ఎంతో సమంజసంగా తోచింది. ప్రాణాపాయంలో ఉన్న మనిషిని బతికించేది ఎప్పుడూ ఒక్క చెయ్యి కాదు. వారి పనిని స్మరించుకోవాలంటే వారు మనకు నేర్పి వెళ్ళిన విద్యను ఇంకొక మెట్టు పైకి తీసుకువెళ్ళడమే సరైన పద్ధతి అని భావించి, మానసిక కుంగుబాటుకు వాడే మందులు కండరాల మీద చూపే ప్రభావం, దాన్ని అత్యవసర విభాగంలో గుర్తించవలసిన తీరు అన్నదాన్ని ఇవాళ విషయంగా ఎంచుకున్నాను.

ఇది పెద్దాసుపత్రుల నిపుణులకు సంబంధించిన సంగతి, కదిరికి ఎందుకు అని ఎవరికైనా అనిపించవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు ఈ నేలలోనే ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం మనది. ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం కదిరి-6, కదిరి లేపాక్షి వంటి వేరుశనగ రకాలను దేశానికి ఇచ్చింది. అయినా వాన మొహం చాటేసిన ఏడు ఆ విత్తనం కూడా రైతును గట్టెక్కించలేదు. పంట పోవడం, అప్పు మిగలడం, పురుగుమందు తాగిన మనిషిని అర్ధరాత్రి ఆటోలో తీసుకురావడం మన అత్యవసర విభాగాలు దశాబ్దాలుగా చూస్తున్న దృశ్యం. ఇవాళ మనం స్మరిస్తున్నవారు ఆ దుఃఖంలో నుంచే ఒక గొప్ప విద్య నేర్చుకున్నారు. వాళ్ళు కండరాన్ని చదవడం నేర్చుకున్నారు.

ఆర్గానోఫాస్ఫేటు విషం శరీరంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వదు. కంటిపాప సూదిమొనలా చిన్నదవుతుంది, నోటి వెంట నురగ వస్తుంది, చర్మం కింద కండరాలు పురుగులు పాకినట్టు అదురుతాయి. అట్రోపిన్ ఇచ్చాక మనిషి తేరుకున్నట్టే కనిపిస్తాడు. కాని ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు ఉన్నట్టుండి చచ్చుబడవచ్చు. శ్రీలంకకు చెందిన సేనానాయకె, కరళ్ళియద్దె 1987లో దీనికి ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఇటువంటి పక్షవాతాన్ని పుణేలో వాడియా బృందం అంతకు ముందే, 1974లో వర్ణించింది. ఆ పేర్లు తెలిసినా తెలియకపోయినా మన నర్సులు పూటపూటకూ రోగి మంచం దగ్గరికి వెళ్ళి, "తల దిండు మీది నుంచి ఎత్తు నాయనా" అని అడిగేవారు. తల లేస్తే నెమ్మది. లేవకపోతే వెంటనే ఊపిరి గొట్టం వేయడానికో, వెంటిలేటరున్న చోటికి పంపడానికో సిద్ధపడేవారు. ఏ యంత్రమూ లేని చోట, రోగి చెప్పలేని సంగతిని అతని మెడ కండరం చేత చెప్పించుకున్నారు.

ఆ విద్యను మెడ దగ్గర ఆపకుండా పాదం దాకా తీసుకువెళ్ళాలన్నదే నేను ఇవాళ చెప్పదలచుకున్న మాట. కుంగుబాటు మందుల వల్ల ప్రాణాపాయం వచ్చినప్పుడు దాని మొదటి సాక్ష్యం సాధారణంగా కండరంలోనే దొరుకుతుంది. ఆ సాక్ష్యాన్ని మనం చదవలేకపోవడానికి కారణం పరికరాలు లేకపోవడం కాదు. మనసుకు వాడే మాత్రను ఇంటివాళ్ళు దాస్తారు, వైద్యులం అడగడం మానేస్తాం. ఆ రెండు మౌనాల మధ్య మనిషి నలిగిపోతాడు.

ఈ మందుల పుట్టుక చూస్తే శరీరానికీ మనసుకూ మధ్య మనం గీసుకున్న గీత ఎంత పలచనిదో అర్థమవుతుంది. కదిరికి ఆగ్నేయంగా మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ క్షయ శానటోరియం మొదలైంది. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి తప్ప క్షయకు వేరే చికిత్స లేని కాలమది. 1952లో న్యూయార్కు స్టాటెన్ ఐలండులోని సీ వ్యూ ఆసుపత్రిలో ఐసోనియాజిడ్, ఇప్రోనియాజిడ్ అనే రెండు కొత్త మందులు ప్రయోగించారు. అన్నం ముట్టని రోగులు తినడం మొదలుపెట్టారు. మంచం దిగనివాళ్ళు వార్డులో నాట్యం చేశారు. ఊపిరితిత్తులు బాగుపడక ముందే మనసు తేలికపడటం వైద్యులు గమనించారు. 1957లో నేథన్ క్లైన్ బృందం ఇప్రోనియాజిడ్‌ను కుంగుబాటుకు మందుగా ప్రకటించింది. అదే ఏడాది స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ ఫలితాలు వెల్లడించాడు. మన సర్పగంధ వేరు నుంచి తీసిన రిసర్పిన్ రక్తపోటు రోగుల్లో కొందరిని దిగులులోకి నెట్టడం కూడా ఆ దశాబ్దంలోనే శాస్త్రజ్ఞులను ఆలోచింపజేసింది. మెదడులోని సెరటోనిన్ వంటి రసాయనాలకూ మనిషి మనఃస్థితికీ ముడి ఉందన్న ఊహ ఈ గమనింపుల్లో నుంచి బలపడింది. ఆ ఊహ ఇవాళ్టి శాస్త్రానికి పూర్తిగా చాలదు. కాని మందులు మిగిలాయి, లక్షలాది ప్రాణాలు నిలబెట్టాయి.

హెచ్చరిక కూడా అప్పుడే వచ్చింది. క్షయకు ఇప్రోనియాజిడ్ వాడుతున్న ఒక రోగికి నొప్పి తగ్గించే పెథిడిన్ సూది వేశాక మరణం సంభవించిందన్న నివేదిక 1955లో అమెరికా వైద్యపత్రికలో అచ్చయింది. 1960లో ఓట్స్, స్యోర్డ్స్మా అనే ఇద్దరు ఇటువంటి మందు తీసుకుంటున్నవారికి సెరటోనిన్‌కు ముడిసరుకైన ట్రిప్టోఫాన్ ఇచ్చినప్పుడు నాడీవ్యవస్థలో కలిగిన మార్పులను నమోదు చేశారు. సెరటోనిన్ మోతాదు మించితే నాడులు అతిగా స్పందిస్తాయని, కండరాలు వాటంతట అవే కొట్టుకుంటాయని ఆనాటికే తెలుసు. తెలిసిన సంగతి అత్యవసర గది గుమ్మం దాకా చేరడానికి మరో పాతికేళ్ళు, ఒక ఆడపిల్ల ప్రాణం అవసరమయ్యాయి.

ఆ అమ్మాయి లిబ్బీ జయాన్. వయసు 18. 1984 మార్చి 4 రాత్రి జ్వరంతో, ఒళ్ళంతా విపరీతంగా అదురుతూ న్యూయార్క్ హాస్పిటల్‌కు వచ్చింది. కుంగుబాటుకు ఫెనెల్జిన్ అనే మందు వాడుతోంది. అది ఇప్రోనియాజిడ్ వంశానికి చెందినదే. వణుకు తగ్గడానికని ఆమెకు పెథిడిన్ ఇచ్చారు. ఆందోళన పెరిగి మంచం మీద పెనుగులాడుతుంటే కట్టివేశారు, హాలోపెరిడాల్ సూది వేశారు. తెల్లవారేసరికి జ్వరం 107 ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా పోయింది. గుండె ఆగిపోయింది. ఆమె తండ్రి సిడ్నీ జయాన్ పత్రికారచయిత. కూతురి మరణాన్ని ఆయన పదేళ్ళకు పైగా కోర్టుల్లో, పత్రికల్లో చర్చకు నిలబెట్టారు. బెర్‌ట్రాండ్ బెల్ నాయకత్వంలో కమిషన్ ఏర్పడింది. 1989 నుంచి న్యూయార్కు రాష్ట్రంలో శిక్షణలో ఉన్న వైద్యుల పనివేళలు వారానికి 80 గంటలకు మించరాదన్న నిబంధన వచ్చింది.

ప్రపంచం ఈ ఉదంతాన్ని అలసిపోయిన వైద్యుల కథగా గుర్తుపెట్టుకుంది. అది నిజమే, అవసరమే కూడా. కాని దానిలోని వైద్యపాఠం మరుగున పడిందని నా బాధ. ఆ రాత్రి ఆమె కండరాలు గంటల తరబడి సాక్ష్యం చెబుతూనే ఉన్నాయి. అదురు అనేది ఆపవలసిన చికాకుగా కనిపించిందే తప్ప చదవవలసిన వాక్యంగా ఎవరికీ కనిపించలేదు. మరణానికి కారణమేమిటన్న దాని మీద తరవాత వాదాలు సాగాయి. వాటి జోలికి నేను పోను. కుంగుబాటు మాత్ర వేసుకుంటున్న మనిషి ఒళ్ళు అదురుతూ వస్తే ఏ ప్రశ్న ముందు వేసుకోవాలో మాత్రం ఆ రాత్రి లోకానికి నేర్పింది.

1987 డిసెంబరులో అమెరికాలో సెరటోనిన్‌ను పెంచే కుంగుబాటు మందు ఫ్లూఓక్సెటిన్‌కు అనుమతి వచ్చింది. తరవాత సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వచ్చాయి. మన దేశంలో జెనరిక్ మందులు చవకగా దొరుకుతాయి కనుక ఇవి పల్లెల దాకా చేరాయి. చేరడం మంచిదే. కరువుకు కుంగినవాళ్ళు, కువైట్ పోయిన భర్తల కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూసే ఆడవాళ్ళు, పురుగుమందు తాగి బతికి బయటపడినవాళ్ళు ఈ మందులతో తిరిగి మనుషుల్లో పడ్డారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, ఆ వ్యక్తికి సంరక్షణ, చికిత్స అందించడం ప్రభుత్వ బాధ్యత అని 115వ సెక్షనులో చెప్పింది. అంటే ఇవాళ మన వార్డులో విషానికి చికిత్స పొందిన మనిషి, రేపు కుంగుబాటు మాత్ర మీద ఉన్న మనిషి. ఎల్లుండి బైకు మీద నుంచి పడి అదే వార్డుకు వస్తే అతనికి మనం మామూలుగా వేసే సూది ట్రమడాల్. ట్రమడాల్ నొప్పిని తగ్గించడంతో పాటు సెరటోనిన్‌ను కూడా పెంచుతుంది. ఫిట్సుకు కూడా దారి తీయగలదు. దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్ట్రోమెథార్ఫాన్ అటువంటిదే.

ఇంకొక వర్గం ఉంది. వీరు కుంగుబాటు మందు వేసుకుంటున్నామని కూడా ఎరగరు. చక్కెర జబ్బు వల్ల అరికాళ్ళు మండేవాళ్ళకూ, పార్శ్వపు తలనొప్పివాళ్ళకూ అమిట్రిప్టిలిన్ రాస్తారు. ఇంట్లో దాని పేరు మంటల మాత్ర. అది మోతాదు మించితే వేరే చిత్రం కనిపిస్తుంది. ఒళ్ళు పొడిగా కాలుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, మనిషి గాలిలో ఏదో ఏరుకుంటాడు, ఒంట్లో కుదుపులు, ఫిట్స్ వస్తాయి. ఉమ్మెత్త గింజలు తిన్నవాణ్ణి చూసినవారికి ఈ రూపం కొత్త కాదు. కాని ఉమ్మెత్త అనుకొని ఊరుకోకుండా ఇ.సి.జి. తీయాలి. క్యూఆర్ఎస్ వెడల్పు 100 మిల్లీసెకన్లు దాటితే ఫిట్స్ ముప్పు, 160 దాటితే గుండె లయ తప్పే ముప్పు. సోడియం బైకార్బొనేట్ అక్కడ ప్రాణం పోసే మందు, అది మన దగ్గర ఎప్పుడూ ఉండేదే.

ఇప్పుడు పాదం దగ్గరికి వస్తాను. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో 1987 జనవరి నుంచి 2002 నవంబరు వరకు సెరటోనిన్ పెంచే మందులు మోతాదు మించి మింగి ఆసుపత్రిలో చేరిన 2222 మంది వివరాలను పరిశీలించి, 2003లో డంక్లీ, వైట్, ఐస్‌బిస్టర్ తదితరులు సెరటోనిన్ మితిమీరడం వల్ల వచ్చే విషలక్షణాన్ని గుర్తించే నిర్ణయసూత్రాలు తయారుచేశారు. హంటర్ ప్రమాణాలంటే అవే. ల్యాబు పరీక్ష ఒక్కటీ వాటిలో లేదు. క్లోనస్, అంటే ఆగకుండా లయగా కొట్టుకునే కండరపు కదలిక, వాటికి కేంద్రం. రోగి మోకాలు కొద్దిగా వంచి ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో పాదాన్ని చటుక్కున పైకి నెట్టి అలాగే ఉంచాలి. పాదం దానంతట అది మన అరచేతిని తన్నుతూ ఉంటే, సెరటోనిన్ పెంచే మందు వాడుతూ, చెమటలు గాని, స్థిమితం లేకపోవడం గాని ఉంటే రోగనిర్ధారణ దాదాపు అయిపోయినట్టే. క్లోనస్ దొరకకపోయినా వణుకూ, మోకాలి మీద తట్టగానే కాలు ఎగిరిపడటమూ రెండూ ఉంటే చాలు. చేతుల కన్నా కాళ్ళలో ఈ లక్షణాలు ఎక్కువ. అందుకే దుప్పటి తొలగించి కాళ్ళు చూడని పరీక్ష అసంపూర్ణం. దీనికి ఒక్క నిమిషం కూడా పట్టదు.

మన ప్రాంతంలో ఈ నిమిషం మరీ విలువైనది. ఏప్రిల్, మే నెలల్లో ఒళ్ళు కాలిపోతూ, పిచ్చిగా మాట్లాడుతూ వచ్చిన ప్రతి మనిషినీ వడదెబ్బ అనుకుంటాం. దవడ బిగిస్తే ధనుర్వాతం గుర్తొస్తుంది, ముషిణి గింజల విషం గుర్తొస్తుంది. ఆ రెండింటిలోనూ కండరాలు బిగుసుకుపోతున్నా తెలివి సాధారణంగా స్పష్టంగానే ఉంటుంది. మానసిక రోగానికి వాడే హాలోపెరిడాల్ వంటి మందుల వల్ల వచ్చే బిగుతు రోజుల మీద నెమ్మదిగా పెరుగుతుంది, మనిషి కొయ్యబారిపోతాడు. సెరటోనిన్ విషలక్షణం గంటల్లో వస్తుంది. మందు మార్చిన తరవాతనో, మోతాదు పెంచిన తరవాతనో, రెండో మందు కలిసిన తరవాతనో సగానికి పైగా రోగుల్లో ఆరు గంటల లోపే కనిపిస్తుంది. కడుపులో పేగులు గలగలమంటాయి, విరేచనాలవుతాయి, చెమటలు కారతాయి. కాలమూ, కాళ్ళూ కలిపి చూస్తే చాలావరకు దారి దొరుకుతుంది.

సెరటోనిన్ విషలక్షణంలో వచ్చే జ్వరం విషయం కాస్త నిలిచి చెప్పాలి. మామూలు జ్వరంలో మెదడే శరీరపు వేడిని పెంచుతుంది, పారాసిటమాల్ ఆ మెదడు మీద పనిచేస్తుంది. ఇక్కడ వేడి పుట్టేది కండరంలో. ఆగకుండా ముడుచుకుంటూ సాగుతూ ఉన్న కండరం కొలిమిలా కాలుతుంది. అందువల్ల పారాసిటమాల్ సూది ఎన్నిసార్లు వేసినా ఫలితం ఉండదు. కండరాన్ని శాంతింపజేయాలి. డయజెపామ్, లోరజెపామ్, మిడజోలామ్ ఆ పని చేస్తాయి. తడిబట్టలు, ఫ్యాను, చల్లటి సెలైను తోడు చేయాలి. 41 సెల్సియస్ డిగ్రీలు దాటితే మత్తిచ్చి, కండరాలను పూర్తిగా సడలించి ఊపిరి గొట్టం వేయాలి. అప్పుడు కూడా సక్సినైల్‌కోలిన్ వాడరాదు. కండరం చితికి పొటాషియం రక్తంలోకి వచ్చి ఉంటే అది గుండెను ఆపగలదు.

రోగిని కట్టేయడం గురించి ఇంటివాళ్ళకు కూడా చెప్పాలి. "గాలి సోకింది" అని భయపడో, పడిపోతాడని ప్రేమతోనో నలుగురు పట్టుకొని మంచానికి తువాళ్ళతో కడతారు. కట్టును తెంచుకోవడానికి పెనుగులాడే ప్రతి క్షణమూ కండరం మరింత వేడెక్కుతుంది, చితుకుతుంది. చితికిన కండరపు పదార్థం మూత్రపిండాల్లో ఎలా అడ్డుపడుతుందో 1941లో లండను బాంబుదాడుల శిథిలాల కింద నలిగినవారిలో బైవాటర్స్, బీల్ వర్ణించారు. మూత్రం టీ డికాక్షను రంగులో వస్తే అదే జరుగుతోందని అర్థం. సెలైను ధారాళంగా ఎక్కించాలి, డయాలిసిస్ ఉన్న చోటికి పంపడానికి ఆలస్యం చేయకూడదు. కట్టడానికి బదులు తగిన మోతాదులో డయజెపామ్ ఇవ్వడం దయ మాత్రమే కాదు, చికిత్స.

సెరటోనిన్ ధాటిని నేరుగా అడ్డుకునే మందు సైప్రోహెప్టడిన్. వింత మందు కాదు. పిల్లలకు ఆకలి పుట్టాలని తల్లులు అడిగి కొనే సిరప్పుల్లో ఉండేది ఇదే. కదిరిలో ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. సూదిగా రాదు కనుక మాత్రను నూరి రైల్స్ ట్యూబు ద్వారా మొదట 12 మిల్లీగ్రాములు ఇస్తారు. దాని ప్రయోజనానికి బలమైన ప్రయోగాధారాలు తక్కువ. అసలు చికిత్స కారణమైన మందును ఆపడం, కండరాన్ని శాంతపరచడం. అవి రెండూ సకాలంలో జరిగితే చాలామంది ఒక్క రోజులో తేరుకుంటారు.

వృద్ధుల విషయం ఒక మాట. ఈ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరిలో రక్తంలో సోడియం పడిపోతుంది. బి.పి.కి మూత్రం పోయే మాత్ర కూడా వాడుతూ, ఉప్పు బాగా తగ్గించి, ఎండకు చెమటోడ్చిన పెద్దవాళ్ళలో ఇది ఎక్కువ. పిక్కలు పట్టేయడం, నీరసం, తూలి పడటం, చివరికి ఫిట్స్. ముసలితనం అని వదిలేయకుండా సోడియం చూడాలి.

ఇక్కడ ఒక భయాన్ని తొలగించాలి. వేళ్ళలో సన్నటి వణుకు, నిద్రలో పళ్ళు కొరకడం, రాత్రి పిక్కలు ఉలిక్కిపడటం ఈ మందులు వాడే చాలామందికి ఉంటాయి. కొన్ని వారాల్లో సర్దుకుంటాయి, లేదా మోతాదు తగ్గిస్తే పోతాయి. ప్రాణం మీదికి వచ్చేది అరుదు. నా మాటలు విని రేపు ఎవరైనా మాత్రలు ఆపేస్తే ఈ ఉపన్యాసం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. ఉన్నట్టుండి మానితే తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టుండటం వస్తాయి, పాత దిగులు మళ్ళీ కమ్ముకుంటుంది. ఆ దిగులు ఎక్కడికి దారితీస్తుందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఎవరికైనా మనసు తట్టుకోలేని స్థితి వస్తే టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. అత్యవసర వైద్యులకు కూడా నా మనవి ఇదే. "ఈ నరాల మాత్రలన్నీ అవతల పారెయ్యండి" అని రోగి ముందు ఎన్నడూ అనవద్దు. ఏ మందు ఆపాలో, తిరిగి ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టాలో రాసిచ్చిన వైద్యుడితో మాట్లాడి తేల్చాలి.

మాత్రలు దాచే అలవాటు ఎందుకు వచ్చిందో మనందరికీ తెలుసు. ఇక్కడి కుటుంబాలు మానసిక వైద్యం కోసం తరచు బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళతాయి. ఇంటి పక్కవారికి ఏదో పని మీద పోతున్నామని చెబుతారు. చీటీ పెట్టెలో అడుగున ఉంటుంది. పెళ్ళి కావలసిన పిల్ల అయితే అత్తింటికి కూడా ఆ సంగతి చేరనివ్వరు. ప్రాణం పోయే వేళ బంధువులందరి ఎదుట "మీవాడు మతికి ఏమైనా మందులు వాడుతున్నాడా" అని గట్టిగా అడిగితే లేదనే జవాబు వస్తుంది. ఆ జవాబు అబద్ధం కాదు, ఆత్మరక్షణ. తల్లినో భార్యనో పక్కకు తీసుకువెళ్ళి, నిద్రకు, నరాలకు, మంటలకు, తలనొప్పికి ఏమైనా మాత్రలున్నాయా, అయిదారు వారాల్లో ఏవైనా మార్చారా అని నెమ్మదిగా అడగండి. "వేసుకుంటాండాడు సార్, ఎవరికీ చెప్పాకండి" అని అప్పుడు చెబుతారు. అన్ని వారాలు ఎందుకన్నానంటే ఫ్లూఓక్సెటిన్ ప్రభావం ఆపిన తరవాత అయిదు వారాల దాకా శరీరంలో ఉంటుంది.

ఇప్పుడు ఈ చరిత్ర మళ్ళీ క్షయ దగ్గరికే చేరింది. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ 2000లో వచ్చింది. సెరటోనిన్‌ను విచ్ఛిన్నం చేసే, ఇప్రోనియాజిడ్ అడ్డుకున్న ఎంజైమునే ఇది కూడా కొద్దిపాటిగా అడ్డుకుంటుంది. కుంగుబాటు మందులతో కలిస్తే సెరటోనిన్ విషలక్షణం రావచ్చని 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఒళ్ళు నీలంగా మారే విషాలకు మనం వాడే మిథిలిన్ బ్లూ విషయంలో కూడా అదే హెచ్చరిక చేసింది. మందులకు లొంగని క్షయకు లినెజోలిడ్ కలిసిన ఆరు నెలల కొత్త చికిత్సకు మన కేంద్ర ప్రభుత్వం 2024లో ఆమోదం తెలిపింది. ఎంతో మేలైన చికిత్స అది. కాని అటువంటి క్షయ ఉన్నవారిలో కుంగుబాటు కూడా సాధారణం. క్షయ మందులు ఇచ్చే గదీ, మానసిక వైద్యుడి గదీ వేరు, వాటి రిజిస్టర్లు వేరు. రోగి మాత్రం ఒక్కడే, రెండు సంచులూ అతని చేతిలోనే ఉంటాయి. మన ఆసుపత్రుల పెద్దలు ఈ సభలో ఉన్నారు కనుక అడుగుతున్నాను. ఆ రెండు రిజిస్టర్లనూ నెలకొకసారి ఒకే మనిషి పక్కపక్కన పెట్టుకొని చూసే ఏర్పాటు చేయండి. అనంతపురానికో, బత్తలపల్లికో, బెంగళూరుకో పంపే ప్రతి రోగి చీటీలోనూ రెండు వరుసలు చేర్చండి. ఒకటి, వాడుతున్న అన్ని మాత్రల పేర్లు, చివరి మోతాదు వేసుకున్న వేళ. రెండు, పాదంలో క్లోనస్ ఉందా లేదా, చూసింది ఎన్ని గంటలకు.